ఎర్రబస్సులో పన్నెండు కిలోమీటర్లు

పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టాక స్నేహితులు ఎక్కువగా తిండి దగ్గరే కలుస్తుంటారు. పుట్టినరోజు, గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం, దీపావళి. వెళ్తాం, తింటాం, పిల్లల చదువులూ ఇళ్ల రేట్లూ మాట్లాడుకుంటాం, మిగిలిన బిర్యానీ డబ్బాలో పెట్టించుకుని ఇంటికొస్తాం. ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో కాపురముంటున్న తెలుగువాళ్లలో పదిహేనేళ్ల నాటి స్నేహాలు ఎన్నో ఇలా భోజనాల మీదే నడుస్తున్నాయి. ఆ స్నేహాలు మొదలైంది మాత్రం భోజనాల దగ్గర కాదు. ఒకరి రికార్డు ఇంకొకరు రాసిపెట్టాం, కాలేజీ డేకి నాటకం వేశాం, వినాయక చవితికి చందాలు వసూలుచేసి రాత్రంతా మేలుకుని పందిరి వేశాం. చేతిలో పని ఉంది కాబట్టి దగ్గరయ్యాం. ఆ పని పోయింది. మనుషులం మిగిలాం.

ఈ అధ్యాయంలో మీ చేతికి మళ్లీ ఒక పని ఇస్తాను. ఏటా మే నెల మూడో ఆదివారం శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘బే టు బ్రేకర్స్’ అనే పరుగు జరుగుతుంది. నగరానికి తూర్పున ఉన్న అఖాతం దగ్గర బయల్దేరి, పడమట పసిఫిక్ అలలు విరిగిపడే ఓషన్ బీచ్ దాకా 12 కిలోమీటర్లు. దాన్ని మీ స్నేహితులతో, అందరూ కలిసి ఒకే వేషం కట్టి పూర్తిచేయండి. చేరడానికి పరుగు వీరులు కానక్కర్లేదు. పది వారాలు వారానికి మూడుసార్లు బూట్లు వేసుకోగలిగితే చాలు.

ఈ పరుగే ఎందుకు

1906 ఏప్రిల్‌లో వచ్చిన భూకంపం, ఆ వెంటనే రోజుల తరబడి చెలరేగిన మంటలు శాన్‌ఫ్రాన్సిస్కోను చాలావరకు నేలమట్టం చేశాయి. ఊరు మళ్లీ కట్టుకుంటోంది, 1915లో పనామా-పసిఫిక్ ప్రదర్శన జరపబోతోంది. జనానికి ఉత్సాహం తెప్పించడానికి 1912 జనవరి 1న ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక పరుగు పందెం పెట్టారు. రాబర్ట్ జాక్సన్ వ్లుట్ అనే కుర్రవాడు గెలిచాడు. అప్పటి పేరు క్రాస్ సిటీ రేస్. ఇప్పటి పేరు 1960లలో వచ్చింది. అంటే ఇది పుట్టిందే దెబ్బతిన్న ఊరు లేచి నిలబడటానికి. ఇప్పటికీ ఆ వీధుల్లో పరుగెడుతుంటే ఆ తొలి ఉద్దేశం తగులుతుంది నాకు.

ఇక వేషాల సంగతి. 1940లో బాబీ బర్క్ అనే ఆవిడ మగవేషం వేసుకుని ఈ పరుగులో పాల్గొంది. అప్పట్లో ఆడవాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. అధికారికంగా ఆడవాళ్లకు చోటు దొరకడానికి 1970ల దాకా ఆగాల్సి వచ్చింది. ఈనాడు మనం సరదాకి కట్టే వేషానికి వెనక ఆ అవసరపు వేషం ఒకటుందని మీ గుంపులోని ఆడపిల్లలకు తప్పకుండా చెప్పండి. 1978లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరుగు క్లబ్బువాళ్లు పదమూడు మంది ఒకరికొకరు కట్టుకుని శతపాదిలా పరుగెత్తారు. ముందున్నవాడి తలకు మీసాలు, వెనకున్నవాడికి కొండి. అప్పటినుంచి అదొక పోటీగా స్థిరపడింది. ఆ శతపాదులు మామూలు వేగంతో రావు. మీ పక్కనుంచి పదమూడు మంది ఒకే అడుగుతో దూసుకుపోతుంటే దారి ఇచ్చి చప్పట్లు కొట్టడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. ఇంకో గుంపు సాల్మన్ చేపల వేషంలో అందరికీ ఎదురు పరుగెత్తుతుంది. ఆ చేపలు గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతాయి కదా, అలాగే వీళ్లూ సముద్రం వైపు నుంచి అఖాతం వైపుకి. 1986లో ఈ పరుగులో 1,10,000 మంది పాల్గొన్నారని గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఇప్పుడు అంతమంది రారు. అది మనకు మంచిదే. నడవడానికి చోటు ఉంటుంది.

తెలుగువాళ్లకు ఇది కొత్త విషయమేమీ కాదని నా నమ్మకం. అదే మే నెలలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ రోజుకొక వేషంతో ఊరు ఊరంతా వీధిలోకి వస్తుంది. మగవాళ్లు చీరలు కట్టి మొక్కు తీర్చుకుంటారు. అక్కడ భక్తి ఉంది, ఇక్కడ లేదు. రెంటినీ ఒక గాట కట్టను. కానీ ఏడాదికి ఒకసారి ఊరు తన మనుషులను వేరే మనుషులుగా తిరగనివ్వాలన్న సంగతి మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

నేను వేషాన్ని ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. మన గుంపులో ఒకడు డైరెక్టర్ అయ్యాడు, ఒకామె ఉద్యోగం పోయి ఆరు నెలలుగా వెతుక్కుంటోంది, ఇంకొకడి గ్రీన్ కార్డు తేలలేదు. విందులో కూర్చున్నప్పుడు ఈ తేడాలు ఎవరూ ఎత్తకపోయినా బల్ల మీదే ఉంటాయి. బస్సు వేషం కట్టి, అట్ట కిటికీలోంచి తల బయటపెట్టి ‘బస్టాండా, బస్టాండా’ అని అరుస్తున్నప్పుడు అవి ఉండవు. ఉద్యోగం పోయినామెకు ఆ ఆరు నెలల్లో అందరూ సలహాలు ఇచ్చి ఉంటారు. పని అప్పగించినవాళ్లు ఉండరు. డ్రైవర్ సీటు ఆమెకివ్వండి.

గుంపు, మాట

ఆరుగురు సరిపోతారు. నలుగురైతే ఒకరు రాకపోయినా వేషం కుంటుపడుతుంది. పదిమందైతే ఆదివారం ఉదయం అందరికీ కుదిరే వేళ దొరకదు. మొదటి సమావేశంలోనే ఒక మాట అనుకోవాలి: అందరికంటే నెమ్మదిగా కదిలే మనిషి వేగమే గుంపు వేగం. దీన్ని వాట్సాప్‌లో రాసి బొటనవేళ్లు వేయించుకుంటే సరిపోదు. ఎదురెదురుగా కూర్చుని, పేరుపేరునా అడిగి ఒప్పించాలి. ప్రతి గుంపులోనూ ఒక వేగం మనిషి ఉంటాడు. అతనితో సంభాషణ ఇలా నడుస్తుంది:

“అన్నా, నేను గంటలో కొట్టేస్తా. అక్కడ మీకోసం ఆగుతాలే.”

“గంటలో కొట్టేయాలంటే వచ్చే నెల ఇంకో రేసు ఉంది, దానికి పోరా, మేమే వచ్చి ఈలలు వేస్తాం. ఇది మాత్రం లక్ష్మక్కతో కలిసి.”

లక్ష్మక్క అన్నది మీ గుంపులో ఎవరైనా కావచ్చు. ఆమె “నావల్ల మీరంతా ఆలస్యమవుతారేమో” అని వెనక్కి తగ్గుతుంది. ఆమెను బతిమాలకండి, ధైర్యం చెప్పకండి. ఆమెకు వేషంలో అందరి కంటే ముఖ్యమైన పాత్ర ఇవ్వండి. బస్సు వేషమైతే అది కండక్టర్ పాత్ర. ఎందుకో కింద చెప్తాను.

రిజిస్ట్రేషన్ రుసుము, సామాన్లు, రైలు ఖర్చు అన్నీ ఒకరే పెట్టి ‘తర్వాత చూసుకుందాం’ అనకూడదు. ఉద్యోగం లేనివాళ్లు ఆ మాటకే మొహమాటపడి తప్పుకుంటారు. వేషం ఖర్చు మనిషికి ఇంత దాటకూడదని మొదటే గీత గీసుకోండి.

పది వారాలు

మార్చి మొదట్లో మొదలుపెడితే చాలు. గుండె, రక్తపోటు, మోకాళ్ల సమస్యలున్నవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. వారంలో రెండు రోజులు ఎవరి వీధిలో వాళ్లు అరగంట. ఆదివారం అందరూ కలిసి. ఫ్రీమాంట్‌లో ఎలిజబెత్ చెరువు చుట్టూ ఒక చుట్టు మూడు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. మొదటి ఆదివారానికి ఒక చుట్టు చాలు. వారానికి ఒక కిలోమీటరు చొప్పున పెంచుకుంటూ పోతే మే నెలకు 10 కిలోమీటర్లకు చేరతారు. మిగిలిన రెండూ ఆ రోజు జనమే నడిపిస్తారు.

మొత్తం పరుగెత్తాలనుకోవద్దు. 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన జెఫ్ గాలొవే కొత్తవాళ్లకోసం ప్రచారం చేసిన పద్ధతి ఒకటుంది: కాసేపు పరుగు, కాసేపు నడక, మళ్లీ పరుగు. అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే నడవడం దాని కిటుకు. ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడకతో మొదలుపెట్టి, ఒంటికి అలవాటయ్యాక మూడు నిమిషాల పరుగుకు ఒక నిమిషం నడకగా మార్చుకోవచ్చు. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్టే. స్నేహితులతో పరుగెత్తేవాళ్లకు ఈ ఒక్క పరీక్ష చాలు, చేతికి ఏ గడియారమూ అక్కర్లేదు. మా గుంపులో ఈ ఆదివారాల వల్ల జరిగిన మేలు నేను పరుగు రోజుకంటే ఎక్కువగా తలుచుకుంటాను. పక్కపక్కన నడుస్తున్నప్పుడు మనుషులు బల్లకు ఎదురెదురుగా చెప్పని విషయాలు చెప్తారు. ఊళ్లో నాన్నకు మతిమరుపు ముదిరిందన్న సంగతి ఒక స్నేహితుడు నాకు చెప్పింది ఆ చెరువు గట్టు మీదే. అంతకుముందు మా ఇంట్లో ఎన్నిసార్లు భోంచేశాడో, ఒక్కసారీ నోరు విప్పలేదు.

బస్సు కట్టడం

వేషం ఏదైనా కావచ్చు. మేం కట్టింది ఆర్టీసీ ఎర్రబస్సు, కాబట్టి దాని గురించే చెప్తాను.

చక్రాలున్న బళ్లను ఈ పరుగులోకి రానివ్వరు. మద్యం కూడా నిషేధం. సంచుల కొలతలమీద కూడా నియమాలుంటాయి. ఆ ఏటి నిబంధనలు చదివాకే అట్ట కోయండి. మన బస్సుకు చక్రాలు మనుషుల కాళ్లే. ఇళ్లు అమ్మేవాళ్లు ముంగిట్లో పాతే ప్రకటన బోర్డుల్లాంటి తేలికైన ప్లాస్టిక్ షీట్లు హోమ్ డిపోలో దొరుకుతాయి. వాటితో మనిషికొక ముక్క చేయాలి: ముందు ఒకటి, వెనక ఒకటి, మధ్యలో కిటికీలున్న నాలుగు. ప్రతి ముక్కకూ భుజాలమీద వేసుకునే పట్టీలు. ముక్కకూ ముక్కకూ మధ్య వెల్‌క్రో. మొత్తం బస్సును ఒకే చట్రంగా బిగించకపోవడానికి బలమైన కారణముంది: దారిలో ఎవరో ఒకరికి బాత్రూమ్ అవసరం వస్తుంది. వెల్‌క్రో ఊడదీసి ఆ ఒక్కరూ వెళ్లొస్తారు, మిగతా బస్సు పక్కన ఆగుతుంది.

షీట్లకు అరచేయంత కన్నాలు అక్కడక్కడా పెట్టండి. చివరి కిలోమీటర్లలో సముద్రపు గాలి ఎదురుగా కొడుతుంది, కన్నాల్లేని అట్ట తెరచాప అయి మిమ్మల్ని వెనక్కి లాగుతుంది. షీట్ల అంచులకు టేపు చుట్టకపోతే చేతులు కోసుకుంటాయి. ముందు బోర్డు మీద ఊరి పేరు తెలుగులో రాయండి. ఏ ఊరన్నది పెద్ద చర్చవుతుంది, అవనివ్వండి. మా బోర్డులో ఆరు ఊళ్ల పేర్లూ ఒకదాని కింద ఒకటి వచ్చాయి. అలాంటి రూటు ఆర్టీసీలో ఉండదు. పరుగు సంఖ్య రాసిన కాగితం వేషానికి పైన, కనబడేలా ఉండాలి.

కండక్టర్‌కు ఖాకీ చొక్కా, భుజాన తోలు సంచి, మెడలో ఈల. గుంపు మొత్తం నడక, పరుగు ఆమె నోటిమాట మీదే. “హోల్డాన్” అంటే నడక, “రైట్ రైట్” అంటే పరుగు. “ముందుకు జరగండమ్మా” అంటే ఖాళీ ఎక్కువైంది, దగ్గరికి రండని. ఎంత గొంతు ఉన్నా పరుగులో మామూలు మాట వినబడదు. చిన్నప్పటినుంచీ చెవిలో పడ్డ ఈ అరుపులకు మాత్రం కాళ్లు వాటంతటవే కదులుతాయి. ఆమె అలసటే గుంపు నడకను నిర్ణయిస్తుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి జాలీ అక్కర్లేదు. కండక్టర్ పాత్ర లక్ష్మక్కకు ఇవ్వమన్నది ఇందుకే.

వేషాల విషయంలో నాకు రెండు గట్టి అభిప్రాయాలున్నాయి. దేవుళ్ల వేషాలు ఇక్కడ వద్దు. మన వీధి నాటకాల్లో రాముడూ ఆంజనేయుడూ నడిచొస్తే జనం దండం పెడతారు. ఇక్కడి జనానికి ఆ సంగతి తెలియదు, ఏ తాగినవాడో వచ్చి భుజమ్మీద చెయ్యేస్తే మీకే మనసు కష్టపడుతుంది. అలాగే వేరే జాతివాళ్ల పవిత్రమైన కట్టూబొట్టూ, ఈకల కిరీటాలూ మనం వేషంగా కట్టుకోకూడదు. పులివేషం బాగుంటుందని చాలామంది అంటారు. నిజంగానే బాగుంటుంది. కాని ఒంటినిండా రంగు పూసుకుంటే చెమట పట్టే దారి మూసుకుపోతుంది. మొహానికి రంగు, ఒంటికి చారల చొక్కా చాలు.

పరుగుకు రెండు వారాల ముందు పూర్తి వేషంతో ఒక 5 కిలోమీటర్లు పరుగెత్తి చూడండి. పట్టీ ఎక్కడ ఒరుస్తుందో, ఎవరి ముక్క మోకాలికి తగులుతుందో అప్పుడే తెలుస్తుంది. ఒరుసుకునే చోట్ల వాజ్‌లీన్ రాయాలి. లోపల నూలు చొక్కా వేసుకుంటే చెమటకు తడిసి బరువెక్కుతుంది, పరుగు బట్టలే వేసుకోండి. కొత్త బూట్లు ఆ రోజు తొడగవద్దు.

ఆ రోజు

పరుగు ఉదయం 8 గంటలకు. ఆదివారం బార్ట్ రైళ్లు మామూలుగా ఆలస్యంగా మొదలవుతాయి, కాబట్టి ఆ రోజుకు ప్రత్యేకంగా పొద్దున్నే నడిచే రైళ్లు ఉన్నాయో లేదో వారం ముందే చూసుకోండి. బస్సు ముక్కలతో రైలెక్కడం ఒక పండగ. పక్క సీట్లో అరటిపళ్ల గెల కూర్చుని ఉంటుంది, ఎదురుగా నలుగురు పెంగ్విన్లు. మే నెలలోనూ తెల్లవారుజామున చలి ఉంటుంది. పాత చొక్కా ఒకటి పైన వేసుకుని, ఒళ్లు వేడెక్కాక నడుముకు చుట్టుకోవాలి.

బయల్దేరేచోట జనం టోర్టియాలు, అంటే మెక్సికో రొట్టెలు, ఒకరిమీద ఒకరు విసురుకుంటారు. అదక్కడ ఆనవాయితీ. ఈ పరుగులో నాకు నచ్చనిది ఇదొక్కటే. తినేదాన్ని కాళ్ల కింద తొక్కడం మనకు అలవాటు లేదు. పైగా అవి తొక్కితే కాలు జారుతుంది, మొదటి రెండు వీధులూ కింద చూసుకుంటూ నడవండి. ఇంకో సంగతి: ఒంటిమీద నూలుపోగు లేకుండా పరుగెత్తేవాళ్లు కొందరు కనిపిస్తారు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలనో, పిల్లలనో చూడటానికి తీసుకొస్తుంటే ముందే చెప్పి తీసుకురండి. చెప్తే నవ్వుకుంటారు, చెప్పకపోతే మీమీద కోప్పడతారు.

హోవర్డ్ వీధి, తొమ్మిదో వీధి చదునుగా సాగిపోతాయి. అక్కడ అందరూ ఉత్సాహంతో పరుగెత్తేస్తారు. కండక్టర్ తన సమయం ప్రకారం “హోల్డాన్” అనాల్సిందే. తర్వాత హేస్ వీధి ఎత్తు వస్తుంది. ఫిల్మోర్, స్టైనర్ వీధుల మధ్య వాలు 11.15 శాతం: వంద మీటర్లు ముందుకు పోతే పదకొండు మీటర్లు పైకి ఎక్కినట్టు. అక్కడ పరుగెత్తకండి. చిన్న చిన్న అడుగులు వేస్తూ, తల కొంచెం వంచి, ముందున్నవాళ్ల మడమలు చూసుకుంటూ నడవండి. కింద నిలబడి పైకి చూస్తే రోడ్డు కనబడదు, రంగురంగుల వేషాలు గోడలా నిలబడి కదులుతుంటాయి. మెట్లమీద, కిటికీల్లో నిలబడ్డ జనం పేరు తెలియకపోయినా “బస్, బస్” అని కేకలేస్తారు. ఆ ఎత్తు మీద మా వేగం మనిషి వెనక్కి వచ్చి, కండక్టరమ్మ సంచి తన భుజానికి మార్చుకున్నాడు. ఎవరూ చెప్పలేదతనికి.

పైన అలమో స్క్వేర్ దగ్గర ఒక నిమిషం ఆగి నీళ్లు తాగండి. కష్టమంతా అక్కడితో అయిపోయింది. డివిసడేరో దాటి చెట్ల మధ్యకు, అక్కడినుంచి గోల్డెన్ గేట్ పార్కులోకి. దూరంలో సగానికి పైగా ఇక్కడే, ఎక్కువగా పల్లం వైపు. కెన్నెడీ రోడ్డు పక్కన అడవిదున్నల దొడ్డి ఒకటి ఉంది, చాలామంది తల తిప్పకుండా వెళ్లిపోతారు. మీరు ఆగి చూడండి. పాటలు పాడుకోవడానికి, పాత మాస్టార్లను అనుకరించడానికి, కొట్లాడుకోవడానికి కూడా ఈ భాగమే అనువైనది. గాలిమర కనబడిందంటే సముద్రం వచ్చేసినట్టే.

ముగింపు గీతను ఆరుగురూ ఒక వరుసలో దాటాలంటే వందమీటర్ల ముందే ఈల ఊది వెల్‌క్రోలు సరిచూసుకోండి. దాటాక నీళ్లలోకి మాత్రం దిగవద్దు. ఓషన్ బీచ్‌లో నీళ్లు వణికించేంత చల్లగా ఉంటాయి, లోపలికి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి. ఈత బాగా వచ్చినవాళ్లూ అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. చెమట ఆరేలోగా వెచ్చటి బట్టలు వేసుకోండి. ముందే ఎవరి ఇంట్లోవాళ్లకైనా ఇచ్చి పార్కు చివర నిలబడమంటే సరి. ఇంటికి ఎన్-జుడా రైలుగానీ, ఫుల్టన్ వీధి 5వ నంబరు బస్సుగానీ ఎక్కితే ఊరి మధ్యకు చేరతారు. జనం ఎక్కువ, ఒకటి రెండు వదిలేయాల్సి రావచ్చు.

వచ్చే ఆదివారం కూడా చెరువు దగ్గర కలవండి. పరుగు అయిపోయిందని చాలా గుంపులు అక్కడే ఆగిపోతాయి, మళ్లీ తొమ్మిది నెలలు పుట్టినరోజుల్లోనే కలుస్తాయి. ఆ ఆదివారం ఒక్క చుట్టు నడిచి, ఖర్చుల లెక్క తేల్చుకుని, బస్సు ముక్కలు ఎవరి గ్యారేజీలో ఉండాలో, వచ్చే ఏడాది కండక్టర్ ఎవరో అనుకుని, పేర్లు నమోదు చేసే తేదీని అందరి ఫోన్లలోనూ పెట్టించి ఇళ్లకు వెళ్లండి.